అందరూ బాగుందనే అన్నారు

పోయిన వారం ఇందిర బల్ల మీద పడుకున్న దగ్గర కథ ఆగింది. అది చదవనివాళ్లు ఇక్కడినుంచి కలిసినా తోవ తప్పరు. చెప్పవలసింది కొంచెమే.

కరీంనగర్‌లో డాక్టర్ ప్రమోదిని ప్రసూతి దవాఖాన నడుపుతున్నది. ఎండాకాలంలో ఆమె చేతుల మీద పుట్టిన ఒక నేతకారి బిడ్డ పుట్టిన రెండు రోజులకే నీలం తిరిగింది. హైదరాబాద్ తీసుకుపోతుంటే బస్సులోనే పోయింది. ఆ తల్లి దిగిన చోటే తిరుగు బస్సెక్కి, కండక్టర్‌తో బిడ్డ నిద్రపోతున్నదని చెప్పి, ఒళ్లో పెట్టుకుని అట్లాగే ఇల్లు చేరింది. గుండెలో పుట్టుకతో వచ్చిన లోపమని తర్వాత తెలిసింది. కడుపులో ఉన్నప్పుడే ఎవరైనా చూసి చెప్పి ఉంటే ఆ తల్లికి ఆ ప్రయాణం తప్పేది. ఆ మాట విన్నప్పటి నుంచి ప్రమోదినికి అన్నం సరిగా పోలేదు.

అందుకే హైదరాబాద్‌లో పిల్లల గుండె డాక్టర్‌గా ఉన్న మహమూద్‌ను పిలిపించింది. ఆయనది భైంసా. చదువుకున్న రోజుల్లో కాలేజీలో ఆమెకు సీనియర్. కరీంనగర్‌లోనూ పక్క జిల్లాలోనూ, రెండు జిల్లాల్లో కొత్తగా స్కానింగ్ మిషన్లు కొన్న డాక్టర్లందరినీ ఒక ఆదివారం రమ్మన్నారు. కడుపులో బిడ్డ గుండెను ఎట్లా చూడాలో వాళ్లకు నేర్పాలి. బొమ్మలు చూపితే గుండె రాదు, నెలలు నిండుతున్న ఆడవాళ్లను ఇద్దరు ముగ్గురిని పిలిచి ఉంచమన్నాడు మహమూద్.

డాక్టర్లు వచ్చారు. వస్తామన్న ఆడవాళ్లు రాలేదు. తేదీ పెట్టిన డాక్టర్లు క్యాలెండర్‌లో ఆదివారం ఎర్ర అంకె చూశారు గాని దాని పక్కన ఉన్న నల్ల చుక్కను చూడలేదు. ఆ రోజు అమావాస్య. కడుపుతో ఉన్న మనిషి అమావాస్య నాడు గడప దాటుతుందా? పరువు పోయేటట్టున్నదని ప్రమోదిని తలపట్టుకుంటే, రెండో అంతస్తులోని ఇంట్లోంచి ఆమె తమ్ముడు సీతారాంరావు భార్య ఇందిర దిగి వచ్చింది. పెళ్లయిన ఆరేండ్లకు నిలిచిన కడుపు. ఆరో నెల. ఆడబిడ్డ కండ్ల ముందు ఉంటే మంచిదని ఈ ఇంట్లోనే ఉంచారు. "నేను పడుకుంట వదినె. మీ ఇజ్జత్ పోవద్దు" అన్నది. అత్త నిర్మలాదేవి వద్దని గట్టిగా అన్నది. ఎవరూ వినకపోయేసరికి వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేసింది.

ఇప్పుడు ఇందిర బల్ల మీద ఉన్నది.

మొదటి అంతస్తులోని స్కానింగ్ గది నిండా డాక్టర్లు. వెనక గోడకు ఆనుకుని నర్సులు. మిషన్ పక్కన పెద్ద టీవీ ఒకటి తెచ్చి తగిలించారు, అందరికీ కనబడేటందుకు.

"ఇయ్యాల ఇంగ్లీషు బంద్" అన్నాడు మహమూద్. "నర్సమ్మలకు గూడ సమజ్ కావాలె. రేపు ఊర్లల్ల తిరిగేది వాళ్లే. మనం కాదు."

కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పొద్దనే చట్టం ఇంకా రాని రోజులవి. మెట్‌పల్లి డాక్టర్ కరుణాకర్‌రావుకు ఊరికే ఉండటం రాదు. "సార్, మా దగ్గరికొచ్చేటోళ్లకు సమజయ్యేది ఒక్కటే. ఆడపిల్లనా, మొగపిల్లగాడా. అది చెప్పినంక గుండె ఉన్నదో లేదో ఎవడడుగుతడు?"

"మీరు చెప్తరు గన్కనే అడుగుతరు. అది చూసే కండ్లతోనే ఇంక జర పైకి చూడుండ్రి. పైసలు రావు గని, పుణ్యం వస్తది."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా కరుణాకర్‌రావే నవ్వాడు. బల్ల మీద ఇందిర కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

మహమూద్ నల్లబల్ల మీద ఒక గుండ్రటి గీత గీసి, దాన్ని నాలుగు భాగాలు చేశాడు.

"గుండెల నాలుగు అర్రలు. పైన రెండు, కింద రెండు. నేను మూడు ముచ్చట్లే అడుగుత. ఎడమ దిక్కు, కుడి దిక్కు జోడు సమానంగ ఉన్నయా? నడిమిట్ల గోడ ఉన్నదా? తలుపులు రెండు తెరుసుకుంటున్నయా? మూడిటికి ఔ అంటె సగం ఫికర్ పోయినట్టే. ఒక్కదానికి కాదన్నా నాకు ఫోన్ చెయ్యుండ్రి. బిడ్డ పుట్టినంక కాదు. పుట్టకముందుగాల."

నర్సు సత్తమ్మ ఇందిర పొట్ట మీద చల్లటి జెల్లీ రాసింది. ఇందిర ఉలిక్కిపడింది. "సల్లగున్నదా దొరసానీ? జర ఓపిక పట్టు, లోపటోడు గూడ లేస్తడు" అన్నది సత్తమ్మ. మళ్లీ నవ్వులు.

మహమూద్ మిషన్‌కు వైరుతో తగిలించి ఉన్న ప్రోబు తీసుకుని పొట్ట మీద జరిపాడు. టీవీలో బూడిద రంగు ముసురు. ఆ ముసురులో వెన్నుపూస దారానికి గుచ్చిన పూసల్లాగా కనబడింది. పక్కటెముకల మధ్య ఏదో చిన్నగా, ఆత్రంగా కొట్టుకుంటున్నది. అక్కడ ఆయన చెయ్యి ఆగింది. కొంచెం వంచాడు. ఇటు తిప్పాడు. మళ్లీ అక్కడికే తెచ్చాడు. తర్వాత ప్రోబును కరుణాకర్‌రావు చేతిలో పెట్టాడు.

"నేనేం చెప్ప. మీరే చూసి చెప్పుండ్రి."

కరుణాకర్‌రావు చొక్కా చేతులు మడుచుకుని ముందుకు వంగాడు. గుండెను పట్టుకోవడానికి కొంత సేపు పట్టింది. పట్టుకున్నాక కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. ఆయన ముఖం మీది నవ్వు, ఎండలో పెట్టిన తడి బట్ట లాగా మెల్లగా ఆరిపోయింది. టీవీ మీది నుంచి చూపు తీసి ఇందిర ముఖం చూశాడు.

"బాగుంది సార్. ఫస్ట్‌క్లాస్‌గ ఉన్నది."

తర్వాత బోథ్ దిక్కునుంచి వచ్చిన కైలాసం. చిన్న వయసు, కొత్త డాక్టర్. చూసి, ఒకసారి కరుణాకర్‌రావు వైపు తిరిగి, "నాలుగు కనబడుతున్నయి సార్. బాగుంది" అన్నాడు. తర్వాత నిర్మల్ నుంచి వచ్చిన డాక్టరమ్మ షాజాదీ బేగం. ఆమె అందరికంటే ఎక్కువసేపు చూసింది. "బాగనే ఉన్నది" అని, తన పని కాకపోయినా తువ్వాలు తీసుకుని ఇందిర పొట్ట మీది జెల్లీ అంచులు తుడిచి, చీర కుచ్చిళ్లు సర్ది పోయింది. ఆమె తర్వాత వచ్చినవాళ్లు టీవీని చూసింది తక్కువ. వేడి గిన్నె ముట్టుకున్నట్టు ముట్టుకుని చెయ్యి తీశారు. అందరూ బాగుందనే అన్నారు.

మా దిక్కున కడుపుతో ఉన్న మనిషిని ఒట్టి మనిషి కాదు అంటాం. ఆమె ముందు చెడు మాట ఎత్తం. చావు కబురు తెచ్చినవాడిని వాకిట్లోనే ఆపి మంచినీళ్లిచ్చి పంపుతాం. పాలు విరిగినా ఆమె వినేటట్టు విరిగినయని అనం. ఇది ఎవరూ బడిలో నేర్చుకున్నది కాదు. ఎంత పెద్ద డాక్టర్ చదువు చదివినా దాని కిందనే ఉంటుంది, గోడకు ఎన్ని సున్నాలు వేసినా కింద మట్టి ఉన్నట్టు. ఇంగ్లీషులో అయితే ఎవరో ఒకరు అనేవారేమో. తెలుగులో ఆ మాట ఎవరి నోటికీ రాలేదు.

చివరకు ప్రోబు ప్రమోదిని చేతికి వచ్చింది.

ఆమె చూసింది. కుడి పక్క అర్ర నిండుగా, బలంగా కొట్టుకుంటున్నది. ఎడమ పక్క ఉండవలసిన చోట ఒక సన్నటి గీత. కుట్టు పడి మూసుకుపోయిన చొక్కా కాజా లాగా ఉన్నది. తలుపు ఉండవలసిన చోట ఏమీ కదలడం లేదు. చెయ్యి వంచితే వస్తుందేమో అని వంచింది. రాలేదు. కింద ఇందిర కళ్లు తన మీదనే ఉన్నాయని తెలుస్తున్నది. వదినె ఏమంటుందో అని ఎదురుచూసే కళ్లు.

"బాగుంది" అన్నది ప్రమోదిని.

మహమూద్ నల్లబల్ల వైపు తిరిగాడు. సుద్దముక్క కింద పెట్టాడు. "చాయ్ తాగుదాం" అన్నాడు.

*

మందుల డబ్బాలు పెట్టుకునే చిన్న గదిలోకి పోయి ప్రమోదిని తలుపు దగ్గరకు వేసింది. మహమూద్ అప్పటికే అక్కడ నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"మీరు ముందుగాలనే చూసిండ్రు భాయ్."

"చూసిన."

"మరి అందరి చేతికి ఎందుకిచ్చిండ్రు? అంగట్ల గొర్రెను చూసినట్టు అందరు చూసిరి."

"నేను తప్పు చూసిన్నేమో అనుకున్న. కసం, ఒట్టేసి చెప్తున్న. ఇంకొకరి కండ్లు కావాలె అనిపిచ్చింది. ఒక్కరన్న నా చెవుల వచ్చి, సార్ గిట్లున్నది అంటె అక్కడనే ఆపుతుంటి. ఎవ్వరన్లే." అద్దాలు పెట్టుకున్నాడు. "నువ్వు గూడ అన్లే ప్రమోదినీ."

ఆమె గోడకు ఆనుకున్నది. "ఏమన్న చెయ్యొచ్చునా?"

"ఒళ్లంతటికి నెత్తురు పంపేది ఎడమ దిక్కు కింది అర్ర. అదే పెరగలే. కడుపుల ఉన్నన్ని దినాలు కుడి దిక్కే రెండు పనులు చేస్తది. నడిమిట్ల చిన్న తోవ ఒకటి ఉంటది, దాంట్ల నుంచి నడుస్తది. పుట్టినంక ఆ తోవ మూసుకుంటది. నాలుగైదు దినాలు. ఒక్కొక్కసారి అంత గూడ కాదు." ఆగాడు. "నా చేతుల లేదు. మన దిక్కు ఇంక ఎవ్వరి చేతుల లేదు."

తలుపు తోసుకుని నిర్మలాదేవి వచ్చింది. చేతిలో పళ్లెం, రెండు కప్పులు. "లోకమంత అక్కడుంటె మీరిద్దరు గీ చీకట్ల నిలబడ్డరేంది? చాయ్ సల్లారుతుంది." అని, కూతురి ముఖం చూసింది. నలభై ఏండ్లుగా చూస్తున్న ముఖం. పళ్లెం కింద పెట్టింది.

"చెప్పు."

"ఇందిర బిడ్డకు గుండె సగమే పెరిగింది అవ్వా. పుట్టినంక ఉండది."

నిర్మలాదేవి ఏడవలేదు. చేతితో వెతుక్కుని, వెనక ఉన్న మందుల డబ్బా మీద కూర్చున్నది. "అమావాస్య నాడు వద్దంటి" అన్నది. అది తనకే సరిగా వినబడనట్టు ఆగి, "దానికి తెలుసా?" అన్నది.

"తెల్వది."

"అయితె తెల్వద్దు."

"అవ్వా, గట్లెట్ల?"

"ఎట్లంటె గట్లనే. నువ్వు బాగు చేస్తవా? ఈ సాబ్ చేస్తడా? చెయ్యరు. మరి చెప్పి ఏం పెడ్తరు దాని చేతుల?" ఆమె గొంతు పెరగలేదు. "ఆరేండ్లు. మొక్కని గుడి లేదు, కట్టని తాయెత్తు లేదు. మొన్న పొద్దుగాల బిడ్డ తన్నుతుందని నా చెయ్యి పట్టి పొట్ట మీద పెట్టుకున్నది. నా చెయ్యి గట్ల ఎన్నడు పట్టలే, ఎప్పుడు జర దూరమే ఉంటుండె. గీ మూడు నెలలన్న దాన్ని తల్లిగ ఉండనియ్యుండ్రి. అటెన్క ఎట్లైన ఏడుస్తది. ముందుగాలనుంచే ఎందుకు ఏడిపిస్తరు?"

ప్రమోదినికి తల్లి మాటే న్యాయంగా తోచింది. అన్నింటికంటే భయమేసింది ఆ తోచడానికే.

మహమూద్ కిందికి కూర్చుని, పెద్దావిడ ముఖానికి తన ముఖం సమానంగా తెచ్చుకున్నాడు.

"అమ్మా, మీరన్నదాంట్ల తప్పు లేదు. నేను గూడ శానసార్లు గట్లనే అనుకుంట. గని నా దగ్గరికి ఎట్ల వస్తరో చెప్త. పచ్చి బాలింత, బిడ్డను సంకల ఏసుకొని మెట్లెక్కి వస్తది. ఏమైందో తెల్వది. మేం ఆ బిడ్డను ఆమె చేతులనుంచి గుంజుకుంటం. సూదులు పెడ్తం, గొట్టాలు పెడ్తం. తలుపు మూస్తం. ఆమె బయట నిలబడుతది. తలుపు తెరిచేవరకు అయిపోతది. తెల్వకుండ వచ్చిన తల్లికి బిడ్డను ఎత్తుకునుడు గూడ దొరకది అమ్మా. తెలిసిన తల్లి అయితె, ఉన్నంత సేపు ఒళ్లె పెట్టుకొని కూసుంటది."

నిర్మలాదేవి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నది, కాదని కాదు, చాలు అన్నట్టు.

"అత్తమ్మా."

తలుపు దగ్గర ఇందిర నిలబడి ఉన్నది. ఎప్పటినుంచి ఉన్నదో. చీర కుచ్చిళ్ల దగ్గర జెల్లీ తడి అట్లాగే ఉన్నది.

"ఏం లేదు బిడ్డా" అన్నది నిర్మలాదేవి. "నువ్వు పోయి పండుకో. లెక్కల ముచ్చట."

"ఏం లేకపోతె మందుల డబ్బా మీద ఎందుకు కూసున్నరు? లోపల సీసాలు పలుగుతయని మమ్ముల తిడ్తరు గద."

ప్రమోదిని పళ్లెంలోని కప్పు ఒకటి అటు జరిపింది.

"నాకు బల్ల మీదనే తెలిసింది" అన్నది ఇందిర. "ముందుగాల అందరు టీవీ చూసిరి. అటెన్క అందరు నా మొకం చూసిరి. బాగున్నదాని మొకం ఎవరన్న అంత సేపు చూస్తరా వదినె?"

నిర్మలాదేవి లేచి కోడలి చెయ్యి పట్టుకున్నది. ఇందిర ఆ చేతిని విడిపించుకోలేదు. దాని మీద తన రెండో చెయ్యి వేసింది.

"మూడు నెలలు నన్ను చూసి నవ్వుతరా అత్తమ్మా? మీకు నవ్వ రాదు. మీరు నవ్వుతుంటె నాకు ఇంకింత భయమైతది."

తర్వాత మహమూద్ వైపు తిరిగింది.

"సార్, ఇప్పుడు నొస్తుందా బిడ్డకు?"

"లేదు తల్లీ. నొప్పి లేదు. నీ నెత్తురుతోనే బతుకుతుంది. కడుపుల ఉన్నన్ని దినాలు అన్ని బిడ్డల లెక్కనే."

"నాతోని ఉంటె బాగనే ఉంటది."

"ఔ."

"బయటికొస్తెనే."

"ఔ తల్లీ."

ఇందిర కిందికి చూసుకున్నది. అరచెయ్యి పొట్ట మీద పెట్టి, ఏదో చెప్తుంటే విన్నట్టు నిలబడింది. సల్లారిపోయిన చాయ్ మీద మీగడ కట్టింది. తొమ్మిది నెలల తర్వాత బిడ్డ బయటికి రాకుండా ఆపే తోవ ఏ తల్లికీ లేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే అర్థమైనట్టు, ముఖం ఒక్కసారి వణికింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు.

"మిషన్ బంద్ చెయ్యకుండ్రి" అని ముందు నడిచింది.

*

చాయ్ తాగుతున్న డాక్టర్లు ఆమెను చూసి కప్పులు కింద పెట్టారు. ఇందిర ఎవరి సాయమూ లేకుండా బల్ల ఎక్కి పడుకున్నది. సత్తమ్మ జెల్లీ డబ్బా తీసుకుని, రాయాలా వద్దా అని ప్రమోదినిని చూసింది. ఇందిర తనే చీర పక్కకు జరుపుకున్నది.

"ఇంగోసారి చూడుండ్రి" అన్నది. "గీసారి నా మొకం చూడకుండ్రి. చూసింది చెప్పుండ్రి."

కరుణాకర్‌రావు మీద అందరి చూపూ పడింది. ఆయన లేచి వచ్చాడు. ప్రోబు పట్టుకున్నాడు. మహమూద్ ఆయన మోచేతి కింద తన చెయ్యి పెట్టాడు. టీవీలో మళ్లీ ముసురు, మళ్లీ ఆ పూసలు, మళ్లీ ఆ ఆత్రం.

"ఎడమ దిక్కు..." ప్రోబును కొంచెం వంచాడు. "ఎడమ దిక్కు కింది అర్ర పెరగలే, చెల్లె."

"ఏది? నాకు చూపియ్యుండ్రి."

టీవీని ఆమె వైపు తిప్పారు. కరుణాకర్‌రావు వేలితో చూపాడు. ఇంతకుముందు ఎన్ని వందల మందికి అదే వేలితో చూపి, అబ్బాయి అనో అమ్మాయి అనో చెప్పాడో. ఇప్పుడు ఆ వేలు అద్దానికి తాకకుండా ఆగింది.

"మరి గీ కొట్టుకునేది?"

"కుడి దిక్కు. రెండిటి పని అదొక్కటే చేస్తుంది."

ఇందిర కన్నార్పకుండా చూసింది. తన బిడ్డను ఆమె చూడటం అదే మొదటిసారి.

"పాపం" అన్నది మెల్లగా. "ఎట్ల ఉరుకుతుందో చూడుండ్రి."

వెనక నర్సుల్లో ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు. కైలాసం వచ్చాడు. నడిమి గోడ ఉన్నదని, ఎడమ దిక్కు తలుపు కదలడం లేదని చెప్పాడు. షాజాదీ బేగం వచ్చింది. కండ్లు తుడుచుకుంటూనే, నెత్తురు ఎటునుంచి ఎటు పోతున్నదో నర్సులకు అర్థమయ్యేటట్టు విడమరిచి చెప్పింది. ఒక్కొక్కరే వచ్చి, చూసి, చూసింది చెప్పారు. మహమూద్ తప్పున్న చోట దిద్దాడు, లేనిచోట తల ఊపాడు. రెండు జిల్లాల్లో ఆ పాఠం మొదటిసారి నడిచింది అట్లా. ఆ గదిలో ఉన్నవాళ్లెవరూ తర్వాత ఎన్నడూ ఇది చూడకుండా చెయ్యి తీసి ఉండరు. కాని అది ఇందిరకు ఏమీ ఇవ్వలేదు.

అందరూ అయ్యాక ఆమె అడిగింది. "ముందుగాల చూస్తె కనబడుతుండెనా సార్?"

మహమూద్ కళ్లద్దాలు తీసి చేత పట్టుకున్నాడు.

"ఐదో నెల పడ్డంక, తెలిసినోళ్లు చూస్తె కనబడుతది."

"కనబడితె?"

"ఉంచుకోవాల్నా వద్దా అని ఆలోచన చేసుకునేటందుకు అప్పుడైతె చట్టంల గడువు ఉంటది. ఇప్పుడు దాటిపోయింది."

ఆయన ఇంకొకరి పేరు ఎత్తలేదు. ఎత్తడని అందరికీ తెలుసు. ప్రమోదిని గోడ దగ్గర నుంచి బల్ల దాకా వచ్చింది.

"ఐదో నెల పడంగనే నేనే చూసిన. గీ బల్ల మీదనే. తల కొలిసిన. కాళ్లు చూసిన. నీళ్లు చూసిన. గుండె కొట్టుకుంటుందా అంటె కొట్టుకుంటుందని చెయ్యి తీసిన. లోపలికి చూడలే ఇందిరా. చూడాలని నాకు తెల్వకపాయె."

ఇందిర ముఖం గోడ వైపు తిప్పుకున్నది. టీవీలో ఆ చిన్న గుండె కొట్టుకుంటూనే ఉన్నది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

"ఉంచుకుంటుంటినో వద్దంటుంటినో నాకే తెల్వది వదినె. ఉంచుకుంటుంటినేమో. గని గా ఆలోచన నాది. ఏడ్సుకుంటనో మొత్తుకుంటనో, నేను చేసుకోవల్సిన ఆలోచన. గది గూడ నాకు దొరకలే."

ప్రమోదిని చెయ్యి చాచింది. ఇందిర చూసింది, పట్టుకోలేదు. సత్తమ్మ భుజం ఆసరాగా లేచి కూర్చున్నది. తువ్వాలు తీసుకుని తన పొట్ట తనే తుడుచుకున్నది, నిదానంగా, నీళ్లు పోసిన పసిబిడ్డను తుడిచినట్టు.

కింద వాకిట్లో జీపు వచ్చి ఆగిన చప్పుడయింది. పొద్దున మెట్‌పల్లి దిక్కు పసుపు చేను చూసి వస్తానని పోయిన సీతారాంరావు తిరిగి వచ్చాడు. గదిలో ఉన్నవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నేను పోయి చెప్త" అంటూ నిర్మలాదేవి కదిలింది. రెండడుగులు వేసి, తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోయింది.

"మీరు కాదు అత్తమ్మా. నేను గూడ కాదు. నా బిడ్డ మీద ఆ మాట నా నోటితోని అనలేను." ఇందిర ఆడబిడ్డను చూసింది. కోడలుగా వచ్చిన ఆరేండ్లలో ఆమెను అట్లా చూసింది లేదు. "మీరు చెప్పాలె వదినె. అందరికి నేర్పేటందుకే గద క్లాసు పెట్టింది. పోండ్రి."

ప్రమోదిని మెట్లు దిగింది. వాకిట్లో ఎండ తెల్లగా ఉన్నది. సీతారాంరావు జీపు దిగి రుమాలులో కట్టిన రేగుపండ్ల మూటను చేతిలో ఎగరేస్తూ ఎదురొచ్చాడు. బూట్లకు చేని మట్టి ఉన్నది.

"అక్కా, అవ్వ కోపం దిగిందా? అమావాస్య అని పొద్దుగాల నన్ను గూడ తిట్టింది. జర నువ్వే ముందు నడువు, నేను నీ వెనక దాక్కుంట." నవ్వాడు. "మా ఆమె అక్కరకొచ్చిందా మీ డాక్టర్లకు? ఏమన్నరు?"

ప్రమోదిని నాలుక మీదికి ఒక మాట వచ్చింది. అనడానికి ఎంతో సులువైన మాట. దాన్ని మింగింది. తమ్ముడి చేతిలోని మూట తీసుకుని జీపు ముందు భాగం మీద పెట్టింది.

"సీతారాం, జర గిట్ల కూసో."

అతను కూర్చోలేదు. అక్క ముఖం చూశాడు. తలెత్తి పైన కిటికీ చూశాడు. అక్కడ అంతమంది నిలబడి ఉన్నారు, ఒక్కరూ కిందికి చూడటం లేదు.

"ఇందిరకా?" అన్నాడు. "బిడ్డకా?"